కూటి కోసం వచ్చినోళ్లు: గుండ్లకమ్మ నుంచి న్యూయార్క్ దాకా

 ఈసారి పోస్టు పెద్దదే. షిఫ్టు మధ్యలో చదవడం కుదరకపోతే సేవ్ చేసుకుని ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా చదవండి.

పోయినసారి మేం రాసినదాని కింద డల్లాస్ నుంచి ఒక అన్న ఇలా అడిగారు: "ఆరాధన అయ్యాక పెట్టే భోజనం కోసమే వచ్చే పిల్లలు ఎక్కువైపోయారు. పాట పాడరు, ప్రార్థన చెయ్యరు, తిని ప్లేటు పారేసి వెళ్లిపోతారు. వీళ్లని రానివ్వాలా వద్దా?" దాని కింద చాలామంది జవాబులిచ్చారు. "ముందు మారుమనస్సు, తర్వాతే మటన్" అని ఒకరు జోకు కూడా వేశారు. నవ్వుకున్నాం గానీ మేం ఆ రోజు ఏమీ రాయలేదు. ఒక ముక్కలో తేలే విషయం కాదది. సరిగ్గా ఈ మాటే మన తాతల మీద దాదాపు నూటయాభై ఏళ్ల కిందట అన్నారు. అన్నం కోసం దేవుణ్ణి పట్టుకున్నారని ఒంగోలు వీధుల్లో అన్నారు, సముద్రం ఇవతల అమెరికాలో కూడా అనుమానపడ్డారు. అందుకే ఇవాళ ఆ చరిత్ర రాస్తున్నాం.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. మేం న్యూజెర్సీలో ఒకే ఇంట్లో ఉంటున్న ఐదుగురం. వేర్‌హౌస్‌లో ఇద్దరం, గ్యాస్ స్టేషన్‌లో ఇద్దరం, ఒకరు ట్రక్కు మీద. నలుగురిది ఒంగోలు చుట్టుపక్కల, ఒకరిది నెల్లూరు. పాస్టర్లం కాదు, ప్రొఫెసర్లం కాదు. సెలవు రోజున చదివింది అందరం కూర్చుని మాట్లాడుకుని రాస్తుంటాం.

ముందు అమెరికా వైపు నుంచి మొదలుపెడదాం. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే అనే మిషనరీ 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పదేళ్లు దాటినా నమ్మినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో బాప్టిస్టుల మహాసభ జరిగింది. "ఇంత డబ్బు పోశాం, ఫలితం ఏది? ఆ తెలుగు మిషన్ మూసేద్దాం" అన్న ఆలోచన అక్కడ గట్టిగా వచ్చింది. గోడ మీది పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఒకరన్నారు. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఎఫ్. స్మిత్ ఆ రాత్రే ఆ ఒంటరి నక్షత్రం మీద పద్యం రాశాడు. అది విన్నాక సభ మనసు మార్చుకుంది. మన మిషన్‌కి "లోన్ స్టార్" అనే పేరు అలా వచ్చింది.

తర్వాత 1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జెవెట్, ఆయన భార్య, జూలియా అనే తెలుగు సోదరి, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన కొండ మన వాళ్లకి తెలుసు. 1862లో అమెరికాలో మళ్లీ మూసేద్దామన్న మాట వచ్చింది. ఆరోగ్యం చెడి ఇంటికొచ్చి ఉన్న జెవెట్, మీరు పంపినా పంపకపోయినా నేను వెళ్లి అక్కడే చచ్చిపోతానన్నాడు. అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒక మనిషిని పంపాలి కదా అన్నారట పెద్దలు.

అలా వచ్చిన మనిషే జాన్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు, అయోవాలో పెరిగాడు, కుర్రతనంలో మిన్నెసోటాలో భూముల సర్వే పని చేశాడు. గొలుసులు పట్టుకుని అడవుల్లో నేల కొలిచిన మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1865లో ఇండియా చేరాడు, 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది.

మన వాళ్లు చాలామంది క్లౌ దొర పేరు చెప్పి ఆగిపోతారు. ఆయనకంటే ముందు యర్రగుంట్ల పేరయ్య పేరు చెప్పాలి. ఊరు తాళ్లకొండపాడు. మాదిగ, తోళ్ల వ్యాపారం చేసేవాడు. దేవుడెవరో తెలుసుకోవాలని గురువుల చుట్టూ తిరిగినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు సువార్త విన్నాడు. వెతుక్కుంటూ ఒంగోలు వచ్చి 1866లో భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఊరెళ్లి తన వాళ్లకి తనే చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి జనం సిద్ధంగా ఉన్నారు. ఆ పర్యటనలో 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. అంటే మాదిగపల్లెలకు సువార్త మోసింది ముందు మాదిగలే.

ఇక్కడే చిక్కొచ్చింది. అప్పటికి ఒంగోలు పెద్ద కులాల వాళ్లు దొర బడికి పిల్లల్ని పంపుతున్నారు, మర్యాదగా మాట్లాడుతున్నారు. పేరయ్య మనుషులు రావడం మొదలవగానే వాళ్లు కబురు పెట్టారు: వీళ్లని చేర్చుకుంటే మేం రాం. క్లౌకీ భార్య హ్యారియెట్‌కీ ఏం చెయ్యాలో తోచలేదు. ఇద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలింది: మొదటి కొరింథీయుల పత్రిక, మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం లెక్కచెయ్యని వాళ్లనే దేవుడు ఏరుకున్నాడని పౌలు చెప్పిన చోటు. ఒకరి మాట ఒకరికి చెప్పుకుని ఆశ్చర్యపోయి, పేరయ్య మనుషులకే తలుపు తెరిచారు. పెద్ద కులాల వాళ్లు చెప్పినట్టే దూరం జరిగారు.

ఇలా చేరినవాళ్లకి సుఖం ఏమీ దొరకలేదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు, జాతరలో డప్పు కొట్టకూడదు, ఆదివారం పనికి పోకూడదు అని నియమాలు. ఊళ్లో వెట్టి చెయ్యాల్సిన మాదిగ ఆదివారం రానంటే కరణం, మునసబు ఊరుకుంటారా? కొట్టారు, పనులు మాన్పించారు, నీళ్లు ఆపారు. అయినా పదేళ్లలో పల్లెలకి పల్లెలు కదిలాయి.

అప్పుడొచ్చింది ధాత కరువు. 1876లో వానలు పోయాయి, 1877లోనూ సరిగ్గా పడలేదు. దక్షిణాదిలో చనిపోయినవాళ్లు యాభై లక్షలకి తక్కువ ఉండరని చరిత్రకారుల అంచనా. ముందు పోయింది రెక్కలు తప్ప ఏమీ లేనివాళ్లు. కరువొస్తే మాదిగకి చెప్పులు కుట్టించుకునేవాడు లేడు, కళ్లంలో గింజలు పెట్టేవాడు లేడు.

ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. ఊరికే తిండి పెడితే జనం సోమరులైపోతారనీ, నిజంగా ఆకలి ఉన్నవాడెవడో లేనివాడెవడో పరీక్షించాలనీ పాలకుల పట్టుదల. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్‌ని మద్రాసు పంపారు. ఆయన మగకూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిగా చిల్లర అని ఖాయం చేశాడు. పౌను అంటే మన లెక్కలో అరకిలో కూడా లేదు. దాంతో రోజంతా మట్టి తవ్వాలి. ఇది మనుషుల్ని మెల్లగా చంపడమేనని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ పోరాడాడు. తర్వాత కూలి కొంత పెంచారు, ఈలోపు పోయినవాళ్లు పోయారు. ఖజానాలో పైసా లేక ఇలా చేశారని మాత్రం ఎవరూ అనలేరు. దీని వెనక ఉన్నది ఒక తీర్పు. ఎదుటివాడి ఆకలి దొంగ ఆకలి అయి ఉంటుందన్న అనుమానం.

అదే కాలంలో మద్రాసు నుంచి ఉత్తరానికి సముద్రం వెంట కరువు పనిగా కాలవ తవ్విస్తున్నారు. అప్పటి గవర్నర్ పేరు మీద దానికి బకింగ్‌హాం కాలవ అని పేరు. మన వాళ్లు ఆ పనికి పోవడానికి భయపడ్డారు. మేస్త్రీలు కొడతారు, కూలి కోస్తారు, మాదిగ అంటే మరీను. అప్పుడు క్లౌకి పాత సర్వే పని గుర్తొచ్చింది. కాలవలో మూడు మైళ్లకు పైగా ముక్కని తనే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకుల్ని మేస్త్రీలుగా పెట్టాడు. క్రైస్తవులకే పని అనలేదు. ఏ కులం వాడైనా, ఏ దేవుడికి మొక్కేవాడైనా వచ్చి పార పట్టుకోవచ్చు. గుంట కొలిచి కూలి ఇచ్చేవారు. గుడిసెలు వేసుకుని వేలమంది అక్కడే ఉన్నారు. పని ఆగినప్పుడు బోధకులు వాళ్ల మధ్యన కూర్చుని కష్టం సుఖం మాట్లాడేవాళ్లు, ప్రభువు గురించి చెప్పేవాళ్లు. కూలికీ ఆ మాటకీ ముడి మాత్రం పెట్టలేదు. విన్నవాడికీ విననివాడికీ గుంట కొలత ఒకటే.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజుల్లోనే జనం బాప్తిస్మం ఇమ్మని అడగడం మొదలుపెట్టారు. క్లౌ ఇవ్వలేదు. 1877 మార్చి నుంచి 1878 జూన్ దాకా, పదిహేను నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సంఖ్య కోసం ఆశపడే మనిషైతే అంతకంటే మంచి తరుణం ఉందా? ఒకప్పుడు ఫలితం లేదని మిషన్ మూసేద్దామన్న అమెరికాకి పెద్ద లెక్క చూపించొచ్చు. అయినా ఆగమన్నాడు. అన్నం పెట్టే చెయ్యీ బాప్తిస్మం ఇచ్చే చెయ్యీ ఒకే రోజు ఒకే మనిషి మీద పడితే, రేపు ఆ మనిషిని జనం కొనుక్కున్న సరుకు అంటారు. ఆ మాట వాళ్లకి తగలకూడదనుకున్నాడు.

1878 జూన్‌కి సాయం చెయ్యడానికి డబ్బు అయిపోయింది. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో సంఘస్తుల్ని మాత్రం రమ్మని కబురు చేశాడు. ఇక సాయం లేదు, ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలి అని చెప్పడానికి. వచ్చింది వేలమంది. అందులో బాప్తిస్మం లేనివాళ్లే ఎక్కువ. ఇంక ఇచ్చేదేమీ లేదు, ఇళ్లకి పోండి అన్నాడు. వాళ్లు పోలేదు. డబ్బు అడగడానికి రాలేదనీ, కష్టపడి బతుకుతామనడానికి కాలవ పనిలో చేతులకి లేచిన పొక్కులే సాక్ష్యమనీ, రేపు మళ్లీ వానలు పోయి చావాల్సి వస్తే క్రైస్తవులుగా చస్తామనీ చెప్పారు. అప్పుడు కూడా తొందరపడలేదు. ప్రతి పల్లె బోధకుణ్ణీ కూర్చోబెట్టి ఎవరెవరో అడిగి, పేర్లు రాయించి, జులై 2న మొదలుపెట్టారు. ఆ రోజు 614 మంది. జులై 3న 2,222 మంది. జులై 4న 700 మంది. ఆ నదిలో ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ బాప్తిస్మం ఇచ్చింది మన తెలుగు బోధకులే. ఆ ఏడాది ముగిసేసరికి తొమ్మిది వేలు దాటారు. 1880ల్లో ఒంగోలు సంఘం ఇరవై వేలు దాటి, ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘం అనిపించుకుంది.

మరి నోళ్లు మూతపడ్డాయా? లేదు. బియ్యం కోసం మారారు అన్న మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. పదిహేను నెలలు ఆపినా అన్నారు. ఇదే మాకు పెద్ద పాఠంగా కనిపిస్తుంది. పేదవాడి విశ్వాసం మీద తీర్పు చెప్పేవాడికి సాక్ష్యం ఎంత చూపించినా చాలదు. ఇంగ్లీషు చదువు కోసం, సర్కారు ఉద్యోగం కోసం మిషన్ బడికి పిల్లల్ని పంపిన పెద్దింటి వాళ్ల మనసులో ఏముందని ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఆకలితో వచ్చినవాడి మనసే పరీక్షకి పెట్టారు.

నిజం చెప్పుకుందాం. ఆ 2,222 మందిలో ఆకలి లేనివాడు ఉంటాడా? వెట్టి నుంచి బయటపడాలని, మనిషిలా పిలిపించుకోవాలని ఆశ లేనివాడు ఉంటాడా? ఉన్నాయి, అన్నీ కలిసే ఉన్నాయి. ఉంటే తప్పేంటి? ఐదువేల మందికి రొట్టెలు పంచిన ప్రభువు, తినేముందు ఒక్కణ్ణైనా నిలబెట్టి "నువ్వు ఎందుకొచ్చావ్" అని అడిగాడా? మరుసటి రోజు రొట్టె కోసం వెతుక్కుంటూ వచ్చారని మొహం మీద అన్నాడు, నిజమే. అంతకుముందు రోజు మాత్రం కడుపు నిండా పెట్టాడు.

ఈ కథ తిరిగి అమెరికాకే వస్తుంది. హ్యారియెట్ 1893లో చనిపోయాక, మరుసటి ఏడాది క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లో స్థిరపడిన జర్మన్ కుటుంబంలో అమ్మాయి, తనూ ఒంగోలులో పనిచేసిన మిషనరీయే. మన మాదిగ పెద్దల దగ్గర కూర్చుని వాళ్ల కథలు వాళ్ల నోటి నుంచే విని 1899లో పుస్తకం వేసింది. పేరు "వైల్ సూయింగ్ శాండల్స్", అంటే చెప్పులు కుడుతూ అని. క్లౌ 1910లో రాచెస్టర్‌లోనే చనిపోయాడు. ఆయన ఆత్మకథని 1914లో బయటికి తెచ్చింది కూడా ఆమే.

ఎమ్మాకి ఒక తమ్ముడున్నాడు, వాల్టర్ రౌషెన్‌బుష్. కుర్రవాడిగా సెమినరీలో ఉన్నప్పుడు తనూ ఇండియా రావాలనుకున్నాడు. రామపట్నంలో ఉన్న మన తెలుగు బైబిలు సెమినరీకి ఆయన్ని పంపాలన్న ఆలోచన జరిగింది. రామపట్నం ఎక్కడో కందుకూరు, కావలి వాళ్లకి చెప్పక్కర్లేదు. పాత నిబంధన విషయంలో ఈ కుర్రాడి అభిప్రాయాలు సరిగ్గా లేవని సెమినరీలో ఒక ఆచార్యుడు అడ్డుచెప్పడంతో ఆ దారి మూసుకుపోయింది. విశ్వాసం మీద తీర్పు చెప్పి ఆపేశారన్నమాట.

వాల్టర్ 1886లో న్యూయార్క్ నగరంలో ఒక చిన్న జర్మన్ బాప్టిస్టు సంఘానికి పాస్టరుగా వెళ్లాడు. హెల్స్ కిచెన్ అనే పేట పక్కన. మన న్యూజెర్సీ వాళ్లు రోజూ బస్సు దిగే పోర్ట్ అథారిటీ ఉందే, ఆ చుట్టుపక్కలే. అప్పుడు అది వలస కూలీల పేట. ఇరుకు గదులు, పని దొరికితే తిండి, దొరక్కపోతే పస్తు. ఆత్మల్ని రక్షిద్దామని వచ్చిన కుర్ర పాస్టరు చిన్న పిల్లల శవపేటికల ముందు పదే పదే నిలబడాల్సి వచ్చింది. 1888లో జబ్బు నయం కాకముందే మంచం దిగి రోగుల్ని చూడ్డానికి తిరిగి, వినికిడి పోగొట్టుకున్నాడు. పేదవాడు పాపం వల్లే పేదవాడయ్యాడు అన్న మాట ఆ పేటలో పదకొండేళ్లు ఉన్నాక ఆయన నోట రాలేదు. కూలి రేటు, ఇంటి అద్దె, పనిగంటలు కూడా దేవుని రాజ్యానికి సంబంధించినవేనని 1907లో పుస్తకం రాశాడు. ఆ పుస్తకాన్ని నలభై ఏళ్ల తర్వాత క్రోజర్ సెమినరీలో ఒక నల్లజాతి విద్యార్థి చదివాడు. తన మీద అది చెరగని ముద్ర వేసిందని తర్వాత తనే రాసుకున్నాడు. ఆ విద్యార్థి మార్టిన్ లూథర్ కింగ్.

ఒంగోలు చూసే వాల్టర్ అలా మారాడని మేం అనడం లేదు. కానీ ఒకే ఇంటి అక్కాతమ్ముళ్లు, ఒకరు మాదిగపల్లెలో, ఒకరు వలస కూలీల పేటలో, ముందు మనుషుల పక్కన కూర్చున్నారు. తీర్పు చెప్పే కుర్చీలో కూర్చోలేదు.

ఇక మన సంగతి. మనం అమెరికా ఎందుకొచ్చాం? కూటి కోసం కోటి విద్యలు. అప్పు తీర్చాలని, చెల్లి పెళ్లి చెయ్యాలని, ఊళ్లో ఇల్లు కట్టాలని వచ్చాం. ఈ దేశం మీద ప్రేమతోనే వచ్చానని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లు మనలో ఎంతమంది? మనల్ని కూడా ఇక్కడ కొందరు డాలర్ల కోసం వచ్చినోళ్లని అంటారు. విన్నప్పుడు మనసు చివుక్కుమంటుంది. అదే మనం ఆదివారం అన్నం దగ్గర ఒక స్టూడెంటు కుర్రాణ్ణి చూసి ఎలా అంటాం?

కిందటేడు ఒక సంఘంలో జరిగింది చెప్తాం, పేరు అక్కర్లేదు. ఉద్యోగం పోయి, స్టేటస్ చిక్కులో ఉన్న ఒక తమ్ముడు వస్తే, ముందు ఇంటిపేరు అడిగారు, తర్వాత ఏ ఊరు అన్నారు, తర్వాత తాగుతావా అన్నారు, చివరికి ఇలా ఎందుకు తెచ్చుకున్నావ్ అన్నారు. ఆకలేస్తుందా అని మాత్రం అడగలేదు. ఆ తమ్ముడు మళ్లీ ఆ మెట్లెక్కలేదు. ఇంటిపేరు అడిగితే కులం తెలిసిపోతుందని మనందరికీ తెలుసు. గుండ్లకమ్మలో మునిగి లేచిన జనం మనవళ్లు అట్లాంటిక్ దాటొచ్చి ఆ ప్రశ్న అడుగుతున్నారంటే ఏమనాలి?

తీర్పు తీర్చవద్దంటే మంచీ చెడ్డా చూడొద్దని కాదు. క్లౌ చూశాడు. బాప్తిస్మం అడిగినవాళ్ల గురించి బోధకుల్ని విచారించాడు, పదిహేను నెలలు ఆగాడు. సంఘంలో పెద్దరికం ఇచ్చేటప్పుడు, సంఘం డబ్బు చేతికి ఇచ్చేటప్పుడు మనమూ నిదానంగా చూడాలి. అన్నం దగ్గర మాత్రం విచారణ వద్దు. ఆయన రెండు గీతలు వేరువేరుగా గీశాడు, మనం రెండూ కలిపేస్తున్నాం. మత్తయి సువార్త 7వ అధ్యాయం మొదట్లో తీర్పు గురించి, 25వ అధ్యాయం చివర్లో ఆకలిగొన్నవాళ్ల గురించి ప్రభువు చెప్పింది పక్కపక్కన పెట్టి చదవండి. 25లో తీర్పు రోజున ప్రభువు అడిగేది అన్నం పెట్టారా, నీళ్లిచ్చారా, పరదేశిని చేర్చుకున్నారా అనే. తిన్నవాడి నడవడి ఎలాంటిదో అక్కడ లెక్కలోకే రాలేదు.

డల్లాస్ అన్నకి మా జవాబు: ఆ పిల్లల్ని రానివ్వండి అన్నా. వంట ఇంకో రెండు కిలోల బియ్యం ఎక్కువ పెట్టండి. పాట పాడలేదని ప్లేటు దగ్గర మాట అనొద్దు. మిగిలితే డబ్బాలో కట్టివ్వండి, సోమవారం నుంచి ఆ రూముల్లో ఏం తింటారో మనకి తెలియదు. ఎవరి దగ్గరైనా చెప్పుకోవడానికి సిగ్గుపడే వాళ్లుంటే, దగ్గర్లో ఉన్న ఫుడ్ ప్యాంట్రీ చూపించండి. చాలా చోట్ల పేరు, ఇంట్లో ఎంతమంది, జిప్ కోడ్ అడుగుతారు తప్ప వీసా కాగితాలు అడగరు. తోడు వెళ్లండి, మొదటిసారి ఒక్కళ్లే వెళ్లడం కష్టంగా ఉంటుంది.

మీ తాతమ్మలో, ముత్తాతలో వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం తీసుకున్నట్టు, కాలవ పనికి వెళ్లినట్టు మీ ఇంట్లో ఏమైనా చెప్పుకుంటే ఇక్కడ రాయండి. ఇంట్లో పెద్దవాళ్లు బతికుండగానే ఫోన్ చేసి అడగండి. ఇండియాలో ఇప్పుడు తెల్లారుతుంటది, లేచే ఉంటారు.